అన్నీ కలిపితే సమగ్రం కాదు

పోయిన నెలలో సమగ్ర చికిత్స మీద జరిగిన రెండు రోజుల శిక్షణకు వెళ్లాను. డాక్టర్లు, నర్సులు, ఫిజియోథెరపిస్టులు, మానసిక వైద్యులు, పోషకాహార నిపుణులు, యోగా నేర్పేవారు, ఆక్యుపంక్చర్ చేసేవారు అందరం ఒకే గదిలో కూర్చున్నాం. నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన రోజుల్లో ఇది ఊహకు కూడా అందేది కాదు. మొదటిరోజు మధ్యాహ్నం తెర మీద ఒక బొమ్మ చూపించారు. నడుమ రోగి, చుట్టూ ఎనిమిది గడులు, ఒక్కో గడిలో ఒక్కో నిపుణుడు, ప్రతి గడి నుంచి రోగి వైపు ఒక బాణం. "ఇందులో ఇంకా ఏం లోపించింది?" అని అడిగారు శిక్షకులు. ఒకరు దంతవైద్యం అన్నారు, ఒకరు సంగీతం అన్నారు, మరొకరు ఆధ్యాత్మిక సలహా అన్నారు. అడిగినవన్నీ చేర్చుకుంటూ పోయారు. చివరికి గడులు పన్నెండు అయ్యాయి. రోగి మాత్రం ఆ నడుమ, పన్నెండు బాణాలకు ఎదురుగా, అలాగే ఉండిపోయాడు.

నేను ఏమీ అనలేదు. అనాల్సింది అప్పటికి మాటల్లో కుదరలేదు. ఇప్పుడు రాస్తున్నది అదే. మనిషిని మొత్తంగా చూడటం అంటే ఆ మనిషికి మరిన్ని చికిత్సలు తగిలించడం కాదని నా నమ్మకం. అతని లెక్క మొత్తం ఒకరి చేతిలో ఉండాలి. ఆ ఒక్కరు దాన్ని కూర్చుని చదవాలి, అక్కర్లేనిది తీసేసే ధైర్యం చేయాలి. చెప్పడం తేలికే. ఇరవై రెండేళ్లుగా జనరల్ ప్రాక్టీసులో ఉన్నాను. ఈ పని కొన్నిసార్లు సరిగ్గా చేశాను. ఒకసారి, మనిషిని మొత్తంగా చూస్తున్నానన్న నమ్మకంతోనే, ఘోరంగా తప్పాను.

ఒక సంచి మందులు

ఆ బొమ్మ చూస్తున్నంతసేపూ నా కళ్లముందు మెదిలింది ఒక పెద్దావిడ. వయసు అరవై దాటింది. షుగరు, బీపీ ఉన్నాయి. నలుగురు స్పెషలిస్టులకు చూపించుకుంటున్నారు. నా దగ్గరికి వచ్చింది కాలి మీద మానని పుండు కోసం. ఆరు వారాల క్రితం రాత్రిపూట పడినప్పుడు గీరుకున్న దెబ్బ, బొటనవేలి గోరంత ఉంటుంది. చీము లేదు, కాలికి రక్తం బాగానే అందుతోంది, షుగరు మరీ ఎక్కువగా ఏమీ లేదు. మానకపోవడానికి కారణం కనబడలేదు.

ఈసారి వాడుతున్న మందులన్నీ తీసుకురమ్మని చెప్పాను. గుడ్డ సంచితో వచ్చారు. బల్ల మీద కాగితం పరిచి ఒక్కొక్కటీ బయట పెట్టాం. పదకొండు రకాలు. కొన్ని స్ట్రిప్పుల మీద పేరున్న వైపు చింపేసి ఉంది, రంగును బట్టి గుర్తుపడతానన్నారు. నాలుగింటిని కలిపి రబ్బరు బ్యాండు వేసి "ఇవి పొద్దున్నవి" అని చూపించారు. అందులో ఒకటి రాత్రి వేసుకోవాల్సింది.

ఆ కాగితం మీద మందులను ఏది ముందు మొదలైందో ఆ వరుసలో పేర్చుకుంటూ వెళ్తే ఒక కథ బయటపడింది. ఆవిడ పదేళ్లకు పైగా షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. ఏళ్ల తరబడి వాడితే ఒంట్లో బి12 విటమిన్ తగ్గిపోవచ్చు. 2022లో బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ దీన్ని తరచుగా కనిపించే దుష్ప్రభావాల్లోనే చేర్చి, లక్షణాలు ఉన్నవారికి పరీక్ష చేయమంది. బి12 తగ్గితే పాదాల్లో తిమ్మిర్లు, మంటలు. షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నా అవే తిమ్మిర్లు, అవే మంటలు. ఆవిడకు బి12 పరీక్ష ఎవరూ చేయించలేదు. షుగరు వల్లే అనుకుని నరాల డాక్టరు ప్రెగాబలిన్ అనే నరాల నొప్పి మందు రాశారు. ప్రెగాబలిన్ కాళ్లకు నీరు పట్టించగలదు. బీపీకి వాడుతున్న ఆమ్లోడిపిన్ కూడా అంతే. రెండూ తోడై చీలమండలు ఉబ్బాయి. ఆ ఉబ్బు తగ్గడానికి ఇంకొకరు నీరు పోయే మాత్ర రాశారు. ఆవిడ దాన్ని సాయంత్రం వేసుకుంటున్నారు, కాబట్టి రాత్రంతా లేవడమే. నిద్ర పట్టడం లేదంటే నిద్ర మాత్ర వచ్చింది. ఒక మాత్ర మత్తు, ఒక మాత్ర తూలుడు, పైన చీకటి. పడ్డారు. నడుం నొప్పికి ఎముకల డాక్టరు నొప్పి మాత్ర రాశారు, దానితో కడుపు మండకుండా అసిడిటీ మాత్ర రాశారు. ఆ అసిడిటీ మాత్రను దీర్ఘకాలం వాడితే బి12 ఇంకా తగ్గుతుంది. తిరిగి తిరిగి మొదటికే వచ్చాం.

ఒక మందు దుష్ప్రభావాన్ని కొత్త జబ్బు అనుకుని దానికి మరో మందు రాసే ఈ వరుసను 1997లో రోషన్, గుర్విట్జ్ అనే ఇద్దరు వైద్యులు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వివరించారు. మనందరం చదువుకున్నదే. బీపీకి వాడే టెల్మిసార్టాన్, నీరు పోయే మాత్ర, నొప్పి మాత్ర మూడూ ఒకేసారి పడితే మూత్రపిండాలు ఎంత ఇబ్బంది పడతాయో కూడా చదువుకున్నదే. ఆ మూడూ ఆవిడ సంచిలో ఉన్నాయి, మూడు వేర్వేరు చీటీల మీద. ఈ నలుగురు డాక్టర్లలో ఎవరినీ నేను తప్పుపట్టలేను. ఎవరి గడిలో నిలబడి చూస్తే వారు రాసింది సరైనదే. తప్పు గడికీ గడికీ మధ్య జరిగింది. అక్కడ కాపలా ఎవరూ లేరు.

మందుల లెక్క అయ్యాక అలవాటుగా అడిగాను, "రాత్రి ఎన్నిసార్లు లేస్తారమ్మా?" అని.

"నా కోసమా డాక్టరుగారూ, ఆయన కోసమా?" అన్నారు.

భర్తకు మూడేళ్లుగా డిమెన్షియా, అంటే మతి తప్పే జబ్బు. రాత్రి లేచి బయటికి వెళ్లబోతారు. తలుపు గడియకు చిన్న గంట కట్టుకున్నారట. నిద్ర మాత్ర పూర్తిగా వేసుకుంటే ఆ గంట వినబడదని సగం విరిచి వేసుకుంటున్నారట. నలుగురు స్పెషలిస్టుల కాగితాల్లో ఆవిడ కుడి మోకాలి ఎక్స్‌రే దగ్గర నుంచి కంటి నరం దాకా అన్నీ ఉన్నాయి. ఆ గంట లేదు.

పుండు ఎందుకు మానడం లేదన్న ప్రశ్నకు నాకు అక్కడ సగం జవాబు దొరికింది. 1995లో జానిస్ కీకాల్ట్-గ్లేసర్ బృందం లాన్సెట్ వైద్య పత్రికలో ఒక చిన్న అధ్యయనం ప్రచురించింది. డిమెన్షియా ఉన్న బంధువును చూసుకుంటున్న 13 మంది స్త్రీలు, అదే వయసులో ఆ భారం లేని 13 మంది స్త్రీలు. అందరికీ చర్మం మీద మూడున్నర మిల్లీమీటర్ల గాయం చేసి అది మానే రోజులు లెక్కపెట్టారు. భారం లేనివారికి సగటున 39.3 రోజులు పట్టింది, చూసుకుంటున్నవారికి 48.7 రోజులు. పట్టుమని ముప్పై మంది కూడా లేని అధ్యయనమే, నేను దాని మీద భవనం కట్టడం లేదు. కానీ తొమ్మిది రోజుల తేడా చర్మం మీద కనబడింది. మనసు వేరు, గాయం వేరు అని నాకు కాలేజీలో ఎవరూ నేర్పలేదు. ఒకదానికి ఒక వార్డు, రెండోదానికి ఇంకో వార్డు చూపించేసరికి నేనే అలా నేర్చుకున్నాను.

మూడు వృత్తులు చేసిన ఒక్క మనిషి

శిక్షణలో అందరూ అమెరికన్ వైద్యుడు జార్జ్ ఎంగెల్ పేరు చెప్పారు. 1977లో సైన్స్ పత్రికలో ఆయన రాసిన వ్యాసమే కదా శరీరం, మనసు, సమాజం అనే మూడు మాటలను మన పాఠాల్లోకి తెచ్చింది. నాకు ఎంగెల్ మీద గౌరవం ఉంది. మనం ఆ మూడు మాటలతో చేసిన పని మీదే అసంతృప్తి. ఆయన ఒకే మనిషిని చూసే తీరు గురించి మాట్లాడితే, మనం మూడు విభాగాలు తెరిచి మూడు ఫారాలు అచ్చువేశాం. శరీరం నాది, మనసు కౌన్సెలర్‌ది, సమాజం సోషల్ వర్కర్‌ది. పంచుకున్నాం. రోగి కూడా మూడు ముక్కలయ్యాడు.

నాకు ఎక్కువగా గుర్తొచ్చేది సిసిలీ సాండర్స్. ఆవిడ మొదట నర్సు. నడుం నొప్పి వల్ల ఆ పని మానుకుని ఆసుపత్రిలో సోషల్ వర్కర్ అయ్యారు. ఆ తర్వాత వైద్యం చదివి డాక్టరయ్యారు. 1967లో లండన్‌లో, చివరి దశలో ఉన్న రోగులను చూసుకునే సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచారు. చావుకు దగ్గరైన మనిషి బాధలో ఒళ్లు నొప్పి, మనసు నొప్పి, ఇంటి చింత, ఆత్మ వేదన కలగలిసి ఉంటాయని, దాన్ని 'మొత్తం నొప్పి'గా చూడాలని చెప్పింది ఆవిడే. నర్సుగా పక్క సర్దిన చేయి, సోషల్ వర్కర్‌గా కుటుంబంతో మాట్లాడిన నోరు, డాక్టరుగా మందు రాసిన కలం ఒక్కరివే కావడం వల్లే ఆ నాలుగూ ఒకే మంచం మీద ఒకేసారి కనబడ్డాయని నా అభిప్రాయం. ఇంకో సంగతి మరిచిపోకూడదు. ఇంత చెప్పిన ఆవిడ నొప్పి తగ్గించే మార్ఫిన్‌ను పక్కన పెట్టలేదు. నొప్పి వచ్చేదాకా ఆగకుండా గడియారం చూసి క్రమం తప్పకుండా ఇవ్వాలని పట్టుబట్టారు. మనసు గురించి మాట్లాడేవారు మందు గురించి మెత్తబడతారన్నది ఆవిడ విషయంలో పూర్తిగా అబద్ధం.

అందరూ మూడు వృత్తులు చేయలేరు. ప్రతి రోగికీ అందరూ ఒప్పుకున్న ఒక మనిషి ఉండాలని మాత్రం అడగవచ్చు. ఆ మనిషి డాక్టరే కానక్కర్లేదు. నేను చూసినంతలో నర్సులు ఈ పని మాకంటే బాగా చేస్తారు.

నేను తప్పిన చోటు

ఇప్పుడు రెండో వైపు. ఇది రాయడం కష్టంగా ఉంది.

కొన్నేళ్ల క్రితం యాభై ఎనిమిదేళ్ల ఒకాయన నడుం నొప్పితో వచ్చారు. అప్పటికి రెండు నెలలుగా ఉంది. అప్పట్లో నేను నొప్పి శాస్త్రం గురించి ఉత్సాహంగా చదువుతున్నాను. నలభై నిమిషాలు కేటాయించి అన్నీ అడిగాను. ఆఫీసులో ఉద్యోగాలు తీసేస్తున్నారు, ఆయన పేరు ఆ జాబితాలో ఉందో లేదో తెలియదు. నిద్ర లేదు. కదిలితే నడుం విరుగుతుందేమోనన్న భయంతో నడక మానేశారు. నాకు చిత్రం పూర్తయినట్టు అనిపించింది. స్కానింగ్ చేయిద్దామా అని ఆయనే అడిగారు. నాకు 1994 నాటి అధ్యయనం నోటికి వచ్చు. నడుం నొప్పి అసలే లేని 98 మందికి ఎంఆర్‌ఐ తీస్తే 52 శాతం మందిలో వెన్నుపూసల మధ్య ఉండే డిస్కుల్లో కనీసం ఒకటి ఉబ్బి కనబడింది. అందుకే స్కానింగ్ చూసి భయపడటం తప్ప ఉపయోగం ఉండదని చెప్పాను. ఫిజియోథెరపీకి, కౌన్సెలింగ్‌కు పంపాను. రెండు వారాల తర్వాత కొంచెం నయమన్నారు. నేను సంతోషించాను.

మరో రెండు నెలలకు వచ్చినప్పుడు మా నర్సు బరువు చూస్తూ ఆగింది. ఆయన బెల్టుకు ఉన్న కంతలు చాలక, లోపలి వైపు మేకుతో పొడిచిన రెండు కొత్త కంతలు ఉన్నాయి. ఆవిడ నా గదిలోకి వచ్చి నెమ్మదిగా "ఆ బెల్టు చూశారా?" అంది. హిమోగ్లోబిన్ ఎనిమిది. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగింది. స్కానింగ్‌లో ఒక వెన్నుపూస కుంగిపోయి ఉంది. మల్టిపుల్ మైలోమా, ఎముక మజ్జలో పుట్టే కేన్సర్. రాత్రి పడుకున్నా నొప్పి తగ్గడం లేదని ఆయన మొదటిరోజే చెప్పారు, నా కేస్ షీటులో నా చేతిరాతతోనే ఉంది. నేను దాన్ని నిద్రలేమి కింద రాసుకున్నాను.

ఆయన నన్ను నిందించలేదు. "మీరు అన్నీ అడిగారు డాక్టరుగారూ. అందుకే నేను కూడా అదే అనుకున్నాను" అన్నారు. ఆ మాట ఇన్నేళ్లయినా నన్ను వదలలేదు. పైపైన చూసే డాక్టరును రోగి అనుమానిస్తాడు, ఇంకొకరి దగ్గరికి వెళ్తాడు. శ్రద్ధగా విన్న డాక్టరు తప్పు చేస్తే రోగి ఆ తప్పును కూడా నమ్మేస్తాడు.

మొత్తం మనిషిని చూడమనే వాదన మీద నేను విన్న విమర్శల్లో ఇదే గట్టిది. జీవిత కథ చాలా తేలికగా అతుకుతుంది. ఎవరి బతుకులో మాత్రం చింత లేదు? ఏ నొప్పికైనా పక్కనే ఒక దుఃఖం దొరుకుతుంది. దొరికిన దుఃఖమే కారణమని తేల్చేస్తే వెతకడం ఆగిపోతుంది. "అంతా మీ మనసులోనే ఉంది" అని విసుక్కునే డాక్టరుకూ, అదే మాటను ప్రేమగా, నలభై నిమిషాలు తీసుకుని చెప్పిన నాకూ ఫలితంలో ఏం తేడా ఉంది?

దీనికి నాకు దొరికిన జవాబు పూర్తి జవాబు కాదు. ఆయన బెల్టు కూడా ఆ మనిషిలో భాగమే. నేను మనిషిని మొత్తంగా చూడలేదు, నాకు నచ్చిన సగాన్ని చూశాను. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. కథ ఎంత బాగా అతికితే అంత ఎక్కువగా, ఇది తప్పయితే ఏం కనబడాలి అని రాసుకుంటాను. యాభై దాటినవారిలో కొత్త నడుం నొప్పి, పడుకున్నా తగ్గని నొప్పి, కారణం లేకుండా తగ్గిన బరువు, రక్తహీనత. వీటిలో ఏది ఉన్నా చింత గురించి మాట్లాడుతూనే రక్త పరీక్ష రాస్తాను. ఒకటి అయ్యాక రెండోది కాదు, రెండూ అదే రోజు.

వినడానికి పట్టే సమయం

తోటి డాక్టర్లతో ఈ మాటలు మొదలుపెడితే వచ్చే మొదటి అభ్యంతరం సమయం. రోజుకు నలభై మందిని చూసేవారికి ఇవన్నీ ఎక్కడ కుదురుతాయి అంటారు. 1984లో బెక్‌మన్, ఫ్రాంకెల్ చేసిన పరిశీలనలో రోగి చెప్పడం మొదలుపెట్టాక డాక్టరు సగటున 18 సెకన్లకే అడ్డుపడ్డాడన్నది అందరికీ తెలిసిందే. అంతగా తెలియనిది 2002లో స్విట్జర్లాండ్ నుంచి వచ్చింది. 335 మంది రోగులను అడ్డుకోకుండా మాట్లాడనిస్తే సగటున 92 సెకన్లలో ముగించారు. 78 శాతం మంది రెండు నిమిషాల లోపే ఆపేశారు. అయిదు నిమిషాలు దాటినవారు ఏడుగురు.

నేను చాలాకాలం ఈ అంకెలను వాదనల్లో వాడాను. ఇప్పుడు కొంచెం తగ్గాను. వినడానికి తొంభై సెకన్లు చాలన్నది నిజమే. విన్నాక చేయాల్సిన పనికి పట్టే సమయం ఆ లెక్కలో లేదు. ఆ పెద్దావిడ ప్రశ్నకు నాకు పట్టింది మూడు సెకన్లు. ఆవిడ జవాబు తర్వాత నలుగురు డాక్టర్లకు ఫోన్లు చేయడానికి రెండు సాయంత్రాలు పట్టింది. అందులో ఒకరు మూడుసార్లు చేస్తే గాని దొరకలేదు. ఈ పనికి ఎక్కడా జీతం లేదు, ఏ బిల్లులోనూ గడి లేదు. సంస్థలు డాక్టరు చేసే ప్రతి కొత్త పనికీ లెక్క కట్టి, ఒక మందు ఆపడానికి పట్టే గంటకు మాత్రం లెక్క కట్టనంతకాలం, ఇది కొందరు ఓపిక ఉన్నవారి సొంత పనిగానే మిగిలిపోతుంది. దీన్ని డాక్టర్ల మంచితనానికి వదిలేయడం నాకు న్యాయంగా తోచదు.

వినడం వల్లే నయమవుతుందని చెప్పేవారితో కూడా నాకు పేచీ ఉంది. ఆస్తమా ఉన్న 39 మంది మీద చేసి 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన ప్రయోగం నాకు కొలమానం లాంటిది. అసలు ఇన్హేలర్, మందు లేని ఇన్హేలర్, ఉత్తుత్తి ఆక్యుపంక్చర్, ఏమీ చేయకపోవడం. ఈ నాలుగింటినీ పోల్చారు. ఎంత హాయిగా ఉందని అడిగితే మొదటి మూడింటికీ దాదాపు ఒకే జవాబు, దాదాపు సగం మేర నయమని. కానీ ఊపిరితిత్తుల పరీక్షలో గాలి ప్రవాహం 20 శాతం పెరిగింది అసలు ఇన్హేలర్‌తోనే. మిగతా మూడింటిలో, ఏమీ చేయనప్పుడు కూడా, దాదాపు 7 శాతమే. శ్రద్ధ చూపిస్తే మనిషికి హాయి కలుగుతుంది, ఆ హాయి నిజమైనదే, చిన్నచూపు చూడదగినది కాదు. ఊపిరి గొట్టం మాత్రం దానితో తెరుచుకోలేదు. నా దగ్గర నయమన్న ఆ నడుం నొప్పి ఆయన గుర్తొచ్చినప్పుడల్లా ఈ రెండు అంకెలు కూడా గుర్తొస్తాయి.

అడగకపోతే చెప్పరు

ఇక మిగతా పద్ధతుల సంగతి. దీని మీద పొడుగ్గా వాదించను. పని చేస్తుందని తేలినదాన్ని ఏ సంప్రదాయం నుంచి వచ్చినా తీసుకోవాలి. 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ నడుం నొప్పికి మందుల కంటే ముందు వేడి కాపడం, మర్దన, ఆక్యుపంక్చర్ వంటివి ప్రయత్నించమంది. దీర్ఘకాలపు నొప్పికి వ్యాయామం, యోగా, తాయ్‌చీ, ధ్యానం సూచించింది. దానితోపాటు 2018లో వచ్చిన మరో అధ్యయనం కూడా మన బల్ల మీద ఉండాలి. నయం చేయగల దశలో ఉన్న కేన్సర్‌కు ప్రామాణిక చికిత్స వద్దని ప్రత్యామ్నాయం మాత్రమే ఎంచుకున్న 281 మందిని, చికిత్స తీసుకున్న 560 మందితో పోలిస్తే మరణం ముప్పు రెండున్నర రెట్లు ఎక్కువ. నొప్పి మీద చేయి వేయడం వేరు, గడ్డను వదిలేయడం వేరు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఈ వాదన కాదు, రోగులు దాచడం. సెయింట్ జాన్స్ వర్ట్ అనే మొక్క మాత్రలు మామూలు దుకాణాల్లో దొరుకుతాయి. అవి గర్భనిరోధక మాత్రల బలాన్ని, అవయవ మార్పిడి చేయించుకున్నవారు వాడే సైక్లోస్పోరిన్ బలాన్ని తగ్గించేస్తాయి. మూలిక కదా, మందు కాదు కదా అని చెప్పరు. చెప్పినా డాక్టరు చిరాకు పడతాడని చెప్పరు. ఆ చిరాకు నేను కూడా చూపించాను, కాబట్టి ఇతరుల మాట కాదు ఇది. మా నర్సు అడిగే తీరు చూసి నేర్చుకున్నాను. కలం పట్టుకుని, తల ఎత్తకుండా, మామూలు గొంతుతో అడుగుతుంది. "ఇవి కాకుండా ఇంకా ఏం వాడుతున్నారు? వాడితే తప్పేం లేదు, నేను రాసుకోవాలి." 'ఏమైనా వాడుతున్నారా' అనదు, 'ఏం వాడుతున్నారు' అంటుంది. ఆ ఒక్క మాట తేడాతో సగం మంది పర్సు తెరుస్తారు.

ఆ పెద్దావిడ సంచిలో పదకొండోది కూడా అలా బయటపడిందే. నరాల బలానికని ఎవరో చెబితే కొనుక్కున్న మూలికల క్యాప్సూళ్లు, సీసా మీద అందులో ఏముందో సరిగ్గా రాసి లేదు.

ఒక్కో గడి ఒక్కో పూట

శిక్షణలో చూపించిన బొమ్మకు నా అసలు అభ్యంతరం ఇక్కడ ఉంది. ఆ పన్నెండు గడులనూ ఆ పెద్దావిడకు వర్తింపజేసి చూడండి. పోషకాహార నిపుణురాలు, నడక నేర్పే ఫిజియోథెరపిస్టు, నిద్ర నిపుణుడు, కౌన్సెలర్, పాదాల సంరక్షణ, ధ్యానం క్లాసు. ప్రతిదీ మంచిదే. కానీ ఆవిడ ఇల్లు కదలాలంటే భర్త దగ్గర ఒకరు కూర్చోవాలి. ఆ ఒకరిని వెతకడానికి రెండు రోజుల ముందు నుంచి ఫోన్లు చేయాలి. మన బొమ్మలో ఒక బాణం అంటే ఆవిడకు ఒక పూట, ఒక బతిమాలుకోవడం. 2009లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో మే, మోంటోరి, మెయిర్ రాసిన వ్యాసం రోగి మీద చికిత్స మోపే పని గురించే. జబ్బు మోయడమే ఒక పని అయితే, మనం దాని మీద ఇంకో ఉద్యోగం పెడుతున్నాం. ఆ ఉద్యోగం చేయలేకపోతే రోగి మాట వినడం లేదని కేస్ షీటులో రాస్తున్నాం.

ఆవిడ విషయంలో మేం చేర్చినవి రెండే. బి12, పగలు కొన్ని గంటలు ఆయనను చూసుకోవడానికి ఒక మనిషి. రెండోదాని కోసం సోషల్ వర్కర్ నెలన్నర తిరిగింది. తీసేసినవి ఆరు. ఆమ్లోడిపిన్ ఆపి వారం వారం బీపీ చూశాం, ఉన్న మాత్రతోనే నిలబడింది. నీరు పోయే మాత్ర, నొప్పి మాత్ర, ఆ తర్వాత అసిడిటీ మాత్ర పోయాయి. నిద్ర మాత్రను, ప్రెగాబలిన్‌ను ఒక్కసారిగా ఆపకూడదు కాబట్టి మెల్లగా తగ్గించుకుంటూ వచ్చాం. నిద్ర మాత్ర పూర్తిగా పోయింది, ప్రెగాబలిన్ తక్కువ మోతాదుకు దిగింది. క్యాప్సూళ్లు ఆవిడే పక్కన పెట్టారు. మూడో వారంలో ఒకసారి కాళ్ల మంట ఎక్కువై, నేను తొందరపడ్డానేమోనని ఒక అడుగు వెనక్కి వేశాం.

పుండు మానింది. ఏది తగ్గించడం వల్ల మానిందో, ఏది చేర్చడం వల్ల మానిందో నేను చెప్పలేను, బహుశా రోజులు గడవడం వల్ల కూడా కావచ్చు. తిమ్మిర్లు పూర్తిగా పోలేదు. చాలాకాలం బి12 లేకుండా ఉన్న నరాలు అన్నీ తిరిగి కోలుకోవు, ఆ సంగతి ముందే చెప్పాను. తలుపు గడియకు గంట ఇప్పటికీ ఉంది.

పోయినసారి ఆవిడ ఆయనను కూడా తీసుకొచ్చారు. గుడ్డ సంచి ఆయన ఒడిలో ఉంది. నేను చేయి చాపితే ఇవ్వలేదు, రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నారు. "ఆయనకు ఇచ్చాను డాక్టరుగారూ, చేతిలో ఏదో ఒకటి ఉంటే కుదురుగా కూర్చుంటారు" అన్నారావిడ. కుర్చీ దగ్గరికి జరుపుకుని, సంచి ఆయన ఒడిలో ఉండగానే మూతి వెడల్పు చేసి ఒక్కొక్క స్ట్రిప్పు తీసి చూశాను. ఆరు ఉన్నాయి. చూసిన ప్రతిదాన్నీ ఆయన నా చేతిలోంచి తీసుకుని జాగ్రత్తగా మళ్లీ లోపల పెట్టారు.